ఇంజను చుట్లు – ఇరుసు పళ్లు

జగిత్యాల నుండి కోరుట్లకు బాట సుమారు 25 కిలోమీటర్లు. ఈ దూరము పోయేసరికి బస్సు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుంది? బస్సు మెల్లగా పోతే తక్కువ చుట్లు, వేగముగా పోతే ఎక్కువ చుట్లు తిరుగుతుందని చాలమంది అనుకొంటారు. అది పొరపాటు. డ్రైవరు బస్సును టాప్ గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగముతో నడిపినా, 60 కిలోమీటర్ల వేగముతో నడిపినా ఇంజను తిరిగే చుట్ల మొత్తము ఒక్కటే. వేగము పెరిగితే ఆ చుట్లు తక్కువ సమయములో పూర్తి అవుతాయి, అంతే తేడా.

ఆ మొత్తమును నిర్ణయించేవి రెండు. ఒకటి, వెనుక చక్రము ఒక్క చుట్టులో పోయే దూరము. రెండవది, ఇంజనుకూ ఆ చక్రమునకూ నడుమ ఉన్న పళ్లచక్రముల పళ్ల సంఖ్య. మొదటిది టైరును చూస్తేనే తెలుస్తుంది. రెండవది గేరుపెట్టెలోను, వెనుక ఇరుసు మధ్యనున్న ఉబ్బెత్తు పెట్టెలోను నూనెలో మునిగి కంటికి కనబడకుండ ఉంటుంది. ప్రయాణికుడు చెల్లించే చార్జీలోను, లారీ యజమాని పోయించే డీజిలులోను ఈ పళ్ల సంఖ్యకు పాలున్నది. ఆ సంఖ్య ఎందుకట్లు ఏర్పడినదో, కాలక్రమమున ఎందుకు మారినదో తెలిసికొనవలెనంటే బాటల చరిత్రను కూడ కొంత తెలిసికొనవలెను.

రాట్నము, మగ్గము, మోటారుబండి

చక్రముల లెక్క సిరిసిల్లవారికి కొత్త కాదు. కండెలు చుట్టే రాట్నములో పెద్ద చక్రము ఒక్కసారి తిరిగితే కదురు ఎన్నో సార్లు తిరుగుతుంది. చేతి కదలిక మెల్లనిది. కదురుకు కావలసినది వేగము. రాట్నము బలమును ఇచ్చి వేగమును కొంటుంది.

మరమగ్గములో ఇంకొక లెక్క ఉన్నది. సాదా నేతలో పై షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పడుతుంది. అడుగు షాఫ్టు రెండు పేకలకు ఒక్కసారి తిరుగుతుంది. అనగా అడుగు షాఫ్టు పళ్లచక్రమునకు పై షాఫ్టు చక్రము కంటె రెట్టింపు పళ్లుంటాయి. నేసిన బట్టను చుట్టుకొనే భాగములో మార్పుచక్రము ఒకటి ఉంటుంది. దానిని తీసి వేరొక పళ్ల సంఖ్య గల చక్రమును బిగిస్తే అంగుళమునకు పడే పేకల సంఖ్య మారుతుంది. మగ్గము అదే, నూలు అదే. మారినది పళ్లు మాత్రమే. అయినను బట్ట వేరవుతుంది.

మోటారుబండిలో పని రాట్నమునకు సరిగా తలక్రిందులు. ఇంజను నిముషమునకు వేయి, రెండు వేల చుట్లు తిరుగుతుంది గాని దాని తిప్పుబలము తక్కువ. చక్రము నిముషమునకు మూడు వందల చుట్లు తిరిగితే చాలును గాని టన్నుల బరువును కదల్చవలెను. అందుచేత ఇక్కడ వేగమును ఇచ్చి బలమును కొనవలెను. పైగా ఇంజనుకు ఒక పరిమితి ఉన్నది. కొన్ని వందల చుట్ల కంటె తగ్గితే అది ఆగిపోతుంది. ఎద్దు నిలుచున్న చోటనే మెడ వంచి బండిని కదలించగలదు. ఇంజను ఆ పని చేయలేదు. క్లచ్చి, గేరుపెట్టె పుట్టినది ఈ లోపమును తీర్చుటకే.

తొలి గేరులు

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో హక్కుపత్రము పొందిన మూడు చక్రముల బండి ఇంజను నిముషమునకు సుమారు 400 చుట్లు మాత్రమే తిరిగేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసినది. సమతలముపై బండి బాగానే నడచినది గాని ఎత్తు వచ్చిన చోట దిగి త్రోయవలసి వచ్చినది. ఆ అనుభవము తరువాతనే బెంజ్ బండికి ఎత్తులెక్కుటకు మరొక చిన్న గేరు చేర్చినాడు. గేరుల చరిత్రలో ఈ విధముగా తొలి పాఠము చెప్పినది బాటయే.

1891లో ఫ్రాన్సులో ఎమీల్ లెవస్సోర్ ఇంజనును ముందు భాగమున ఉంచి, దాని వెనుక క్లచ్చిని, జరిగే పళ్లచక్రముల గేరుపెట్టెను అమర్చినాడు. అక్కడి నుండి గొలుసు ద్వారా వెనుక చక్రములు తిరిగేవి. 1898లో లూయీ రెనో గొలుసును తీసివేసి, ఒక పొడవైన షాఫ్టును ఇరుసు వరకు తెచ్చినాడు. ఆయన మరొక ముఖ్యమైన మార్పు కూడ చేసినాడు. టాప్ గేరులో గేరుపెట్టె పళ్ల మీదుగా శక్తి పోకుండ, ఇంజను షాఫ్టు, ఇరుసు షాఫ్టు సూటిగా కలిసి ఒక్కటిగా తిరిగేటట్లు చేసినాడు. దీనినే డైరెక్ట్ గేరు అంటారు. పళ్ల రాపిడి తగ్గి శక్తి మిగిలినది.

ఈ మార్పుకు ఒక ఫలితము ఉన్నది. టాప్ గేరులో గేరుపెట్టె ఏమీ తగ్గించదు, ఏమీ పెంచదు. కనుక రహదారిపై ఇంజను ఎంత వేగముగా తిరగవలెననునది ఇరుసులోని ఒక్క జత పళ్లచక్రములపై ఆధారపడినది. షాఫ్టు చివరనున్న చిన్న చక్రమును పినియను అనియు, అది తిప్పే పెద్ద చక్రమును క్రౌను అనియు మెకానిక్కులు అంటారు. క్రౌను పళ్లను పినియను పళ్లచే భాగిస్తే వచ్చేది ఇరుసు నిష్పత్తి.

రెండు రైలుమార్గముల నడుమ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉన్న సీమకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానమున్నది. పడమర నిజామాబాదు మీదుగా సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గము 20వ శతాబ్ది ఆరంభము నాటికే వచ్చినది. తూర్పున పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా కాజీపేట–బల్లార్షా మార్గము 1929 నాటికి పూర్తి అయినది. ఈ రెంటి నడుమ నున్న పట్టణములకు దశాబ్దముల పాటు రైలు లేదు. పెద్దపల్లి–నిజామాబాదు మార్గము జగిత్యాల, కోరుట్లల మీదుగా వచ్చినది 21వ శతాబ్దిలోనే. అంతవరకు వడ్లు, పసుపు, మామిడి, సిరిసిల్ల బట్ట అన్నియు ఎడ్లబండిపైనను, తరువాత లారీపైనను పోవలసినదే.

హైదరాబాదు రాజ్యములో ప్రభుత్వ బస్సులను మొదట నడిపినది కూడ రైల్వేయే. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైనది. స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు ఆనాటివి. వానిలో ఒకదానిని హైదరాబాదులోని బస్ భవన్‌లో ప్రదర్శనకు ఉంచినారు. 1951 నవంబరు 1న ఈ శాఖ రైల్వే నుండి హైదరాబాదు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట 2015లో ఇక్కడి సంస్థ వేరుపడినది.

ఆ తొలి దశాబ్దములలో బాటలు ఎట్టివి? కొంత కంకర, కొంత మొరము, వానకాలములో బురద, వంతెన లేని వాగులు. అట్టి బాటపై గంటకు 80 కిలోమీటర్ల వేగము ఎవరికి కావలెను? కావలసినది ఇసుకలో దిగబడిన చక్రమును పైకి లాగే బలము. అందుచేత భారతదేశపు బస్సులకు, లారీలకు పెద్ద ఇరుసు నిష్పత్తులను అమర్చేవారు. 1954లో జంషెడ్‌పూరులో టాటా–మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారు కాసాగినవి. 1950లలోనే మద్రాసు వద్ద ఎన్నూరులో లేలాండ్ కామెట్లు వచ్చినవి. పెట్రోలు ఇంజను స్థానమును డీజిలు ఇంజను ఆక్రమించినది. అయినను ఇరుసు మాత్రము బాటకు లోబడియే ఉండవలసి వచ్చినది.

పళ్ల లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చూద్దాము. లెక్క కొరకు బస్సు చక్రము ఒక చుట్టులో 3.2 మీటర్లు పోతుందని అనుకొందాము. పెద్ద బస్సు టైరుకు ఇది ఇంచుమించు సరిపోతుంది. గంటకు 60 కిలోమీటర్లు అనగా నిముషమునకు సరిగా 1,000 మీటర్లు. 1,000ని 3.2చే భాగిస్తే, చక్రము నిముషమునకు సుమారు 312 చుట్లు తిరుగుతుంది.

పినియనుకు 6 పళ్లు, క్రౌనుకు 41 పళ్లు ఉన్నవనుకొందాము. నిష్పత్తి 6.83. డైరెక్ట్ గేరులో ఇంజను నిముషమునకు సుమారు 2,135 చుట్లు తిరగవలెను. పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 39 పళ్లు పెడితే నిష్పత్తి 4.875 అవుతుంది. అదే 60 కిలోమీటర్ల వేగమునకు ఇంజను సుమారు 1,523 చుట్లు తిరిగితే చాలును.

క్రౌనుకు 42 పళ్లు పెట్టి నిష్పత్తిని సరిగా 7 చేయకుండ 41 ఎందుకని పాఠకులకు సందేహము కలుగవచ్చును. 42ను 6 నిశ్శేషముగా భాగిస్తుంది. అప్పుడు పినియను యొక్క ఒక్కొక్క పన్ను క్రౌనులోని అవే 7 పళ్లను మాటిమాటికి తాకుతుంది. ఒక పన్నులో లోపముంటే ఆ ఏడింటినే అరగదీస్తుంది. 41కిని, 6కిని ఉమ్మడి భాజకము లేదు. కనుక ప్రతి పన్నును ప్రతి పన్నుతో వంతులవారీగా కలుస్తుంది. అరుగుదల అంతటా సమానముగా పంపిణీ అవుతుంది.

ఇక జగిత్యాల–కోరుట్ల ప్రయాణము. 25 కిలోమీటర్లలో చక్రము 7,812 చుట్లు తిరుగుతుంది. బాట అంతయు టాప్ గేరులోనే పోయినదనుకొంటే, 6.83 నిష్పత్తి గల బస్సులో ఇంజను సుమారు 53,400 చుట్లు, 4.875 గల బస్సులో సుమారు 38,100 చుట్లు తిరుగుతుంది. ఒక్క ప్రయాణములో తేడా 15,000 చుట్లకు పైమాటే.

ఈ తేడా ఎంతటిదో పిస్టనును చూస్తే తెలుస్తుంది. 1954 నాటి ఆ టాటా–మెర్సిడెస్ డీజిలు ఇంజనుకు ఆరు సిలిండర్లు. పిస్టను ఒక్క వైపునకు కదలే దూరము 120 మిల్లీమీటర్లు. ఇంజను ఒక చుట్టు తిరిగితే పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి, మొత్తము 24 సెంటీమీటర్లు రాచుకొంటూ పోతుంది. 53,400 చుట్లకు ఇది దాదాపు 12.8 కిలోమీటర్లు. బస్సు జగిత్యాల నుండి కోరుట్ల చేరేలోగా ప్రతి పిస్టనును తన సిలిండరులోనే అందులో సగము దూరము ప్రయాణము చేస్తుందన్నమాట. రెండవ ఇరుసుతో ఆ దూరము 9.1 కిలోమీటర్లకు తగ్గుతుంది.

ఇంజనులో కాలిన ఇంధనములో కొంత భాగము ఇంజనును తిప్పుకొనుటకే పోతుంది. పిస్టను రాపిడి, బేరింగుల రాపిడి, నీటి పంపు, గాలిని లోనికి పీల్చుటకు, బయటికి నెట్టుటకు అయ్యే శ్రమ, ఇవన్నియు చుట్ల వేగముతో పాటు పెరుగుతాయి. బస్సుకు కావలసిన శక్తి అంతే అయినప్పుడు, తక్కువ చుట్లతో, ఒక్కొక్క చుట్టులో ఎక్కువ పని చేయించుకొంటే డీజిలు ఆదా అవుతుంది. చుట్లు నూటికి 29 తగ్గినవి కనుక డీజిలు కూడ నూటికి 29 తగ్గుతుందని భావించరాదు. గాలి నిరోధమును, టైర్ల నిరోధమును జయించే పని మారదు గదా! తగ్గేది ఇంజను సొంత ఖర్చు మాత్రమే. అయినను దినమునకు వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ భాగమును తక్కువని అనరాదు.

బాట మారినది, ఇరుసు మారినది

ఇంత లాభమున్నప్పుడు చిన్న నిష్పత్తిని మొదటనే ఎందుకు పెట్టలేదు? దీనికి సమాధానము మొదటి గేరులో ఉన్నది. మొదటి గేరు ఇంజను వేగమును 7వ వంతు చేస్తుందనుకొందాము. 6.83 ఇరుసుతో కలిసి మొత్తము తగ్గింపు సుమారు 48 రెట్లు, 4.875తో 34 రెట్లు మాత్రమే. బయలుదేరేటప్పుడు లాగుడు బలము కూడ ఆ మేరకు తగ్గుతుంది. నిండు లారీ వాగు ఒడ్డున నిలిచిపోతుంది. ఆ బలమును తిరిగి పొందవలెనంటే మొదటి గేరును 9.8కి పెంచవలెను. అప్పుడు మొదటి గేరుకు, టాప్ గేరుకు నడుమ అంతరము పెద్దదై మధ్య గేరులు ఎక్కువ కావలసి వస్తాయి. లేదా ఇంజను తిప్పుబలమునే పెంచవలెను.

కాలక్రమమున ఈ రెండును జరిగినవి. స్విట్జర్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో హక్కుపత్రము పొందిన టర్బోచార్జరు పొగ వేగముతోనే తిరుగుతూ సిలిండరులోనికి అధికముగా గాలిని నింపుతుంది. అది సామాన్య బస్సులకు, లారీలకు చేరిన పిదప తక్కువ చుట్లలోనే ఎక్కువ బలము లభించినది. గేరుల సంఖ్య పెరిగినది. మరొక మార్గము ఓవర్‌డ్రైవ్. ఇందులో గేరుపెట్టె షాఫ్టు ఇంజను కంటె వేగముగా తిరుగుతుంది. అమెరికా కార్లలో ఇది 1934 నాటికే వచ్చినది. 6.83 ఇరుసును మార్చకుండ 0.8 ఓవర్‌డ్రైవ్ గేరును చేర్చితే మొత్తము నిష్పత్తి 5.47 అవుతుంది, 60 కిలోమీటర్ల వద్ద ఇంజను సుమారు 1,710 చుట్లతో నడుస్తుంది.

బాటలు కూడ మారినవి. 1943 డిసెంబరులో నాగపూరులో సమావేశమైన చీఫ్ ఇంజనీర్లు దేశములోని రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా వర్గీకరించి ఇరువది ఏండ్ల ప్రణాళికను రచించినారు. నిజామాబాదు నుండి ఆర్మూరు, కోరుట్ల, జగిత్యాల, మంచిర్యాలల మీదుగా జగదల్‌పూరునకు పోయే బాట 16వ నంబరు జాతీయ రహదారి అయినది. 2010 నాటి కొత్త లెక్కలో దానికి 63వ సంఖ్య ఇచ్చినారు. మొరము పోయి తారు వచ్చినది. వాగులపై వంతెనలు లేచినవి. 2015లో కేంద్ర ప్రభుత్వము రవాణా వాహనములకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండ వేగనియంత్రణ సాధనమును విధించినది. ఆ 80 కిలోమీటర్ల వద్ద 6.83 ఇరుసు గల బండి ఇంజను డైరెక్ట్ గేరులో 2,850 చుట్లకు దగ్గరగా తిరగవలెను. పాత డీజిలు ఇంజనుకు అది పరుగు కాదు, రొప్పు. 4.875తో 2,030 చుట్లు చాలును.

అనగా బురద బాటకు వరమైన పళ్ల సంఖ్యయే తారు బాటకు భారమైనది. బాట బాగుపడినంత మాత్రమున లాభము రాదు. బాటతో పాటు ఇరుసు కూడ మారినప్పుడే వస్తుంది.

దిగుడు బాటపై

ఐతే చుట్లు తగ్గుటయే అన్ని చోట్ల మేలని తలచరాదు. టాప్ గేరులో బరువుతో ఎత్తెక్కుతూ చుట్లను మరీ తగ్గనిస్తే ఇంజను కొట్టుకొంటుంది, నల్లని పొగ వస్తుంది, బేరింగులు దెబ్బతింటాయి. సిరిసిల్ల నుండి వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్లకు పోయే బాటపై ఎత్తుపల్లములున్నవి. ఎత్తు రాగానే క్రింది గేరునకు దిగుటయే ఇంజనుకు మేలు.

దిగుడులో విషయము ఇంకను ముఖ్యమైనది. గేరులో ఉన్న బండి పల్లమునకు దిగుతున్నప్పుడు చక్రములే ఇంజనును తిప్పుతాయి. ఆ తిప్పుడుకు ఇంజను ఎదురు తిరిగి బండిని పట్టి ఉంచుతుంది. గేరు ఎంత క్రిందిదైతే పట్టు అంత గట్టిది. డీజిలు మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదలితే ఆ పట్టు పూర్తిగా పోతుంది. భారమంతయు బ్రేకులపై పడి అవి కాగి బలము కోల్పోతాయి. మిగులు కూడ భ్రమయే. గేరులో ఉండి, కాలు ఆక్సిలరేటరుపై లేనప్పుడు ఇంజనుకు డీజిలు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే తిరుగుతూ ఉండుటకే కొంత కాలుతూనే ఉంటుంది.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ బాటపై బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినారు. ఆ ప్రమాద కారణముల విచారణ ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. కాని ఘాట్ బాటపై పోయే ప్రతి బండి విషయములోను గుర్తుంచుకొనవలసిన నియమము ఒకటున్నది: ఎక్కుటకు ఏ గేరు అవసరమో దిగుటకు కూడ ఆ గేరే తగినది. చిన్న ఇరుసు నిష్పత్తి గల కొత్త బండ్లలో ఈ నియమము మరింత అవసరము. ఏలయనగా సమతలముపై ఇంజనుకు విశ్రాంతినిచ్చే ఆ నిష్పత్తియే దిగుడులో దాని పట్టును తగ్గిస్తుంది.

మిగిలిన జత

2024లో కరీంనగరు నుండి విద్యుత్తు బస్సులు నడువసాగినవి. విద్యుత్తు మోటారు నిలుచున్న చోటనే పూర్తి బలమును చూపగలదు. ఇంజను చేయలేని ఎద్దు పనిని అది చేస్తుంది. కనుక అట్టి బస్సులలో చాలవానికి పలు గేరుల పెట్టె అవసరము లేదు. అయినను మోటారు వేగముగా తిరుగుతుంది, చక్రము మెల్లగా తిరుగవలెను. నడుమ వేగమును తగ్గించే పళ్లచక్రములు ఉండవలసినదే. వాని పళ్ల సంఖ్యను నిర్ణయించేటప్పుడు ఇంజనీరు నేటికిని అవే ప్రశ్నలు వేసికొంటాడు: బరువు ఎంత, ఎత్తు ఎంత, బాట ఎట్టిది?

సిరిసిల్ల నేతగాడు ఏ బట్ట కావలెనో ముందు తేల్చుకొని తరువాత మార్పుచక్రమును బిగిస్తాడు. బండి కొనేవాడు కూడ ఏ బాటపై నడుపవలెనో ముందు తేల్చుకొని ఇరుసు నిష్పత్తిని అడిగి తెలిసికొనుట మంచిది. ఆ రెండు పళ్ల సంఖ్యలు తెలిసినవానికి తన ఇంజను జగిత్యాల నుండి కోరుట్లకు ఎన్ని చుట్లు తిరుగుతుందో కాగితముపై లెక్క వేసికొనుటకు అయిదు నిముషములు చాలును.